నాలుగు శాస్త్రాల స్కాలరు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంజనీరింగ్ కాలేజీ బస్సు ఆగే ప్రతి జంక్షన్‌లోనూ ఉదయం ఏడున్నరకి ఒక పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ స్కాలరు నిలబడి ఉంటాడు. భుజాన లాప్‌టాప్ సంచి, మెడలో ట్యాగు, చేతిలో క్యారేజీ, ఫోన్లో గైడుగారి మిస్డ్ కాల్. ఉద్యోగం అసిస్టెంట్ ప్రొఫెసరు. వయసు ముప్పయ్యయిదుకీ యాభైకీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. కొందరి పిల్లలు హైస్కూలు దాటి ఉంటారు. కొన్ని ఇళ్ళల్లో తండ్రి థీసిస్సూ కొడుకు ఇంజనీరింగూ ఒకేసారి మొదలవుతాయి, కొడుకు ముందు బయటపడతాడు. ఈ జాతిలో ఆడవాళ్ళూ చాలామందే ఉన్నారు. వాళ్ళ పరిశోధన రాత్రి పదకొండుకి, వంటిల్లు కడిగాక, మొదలవుతుంది.

ఇతనికి డిగ్రీ ఒక శాస్త్రంలోనే ఉంటుంది, పేపర్లు మాత్రం నాలుగింట్లో ఉంటాయి. ఎలక్ట్రానిక్స్‌లో ఎంటెక్ చేసినవాడి పేరు కాంక్రీటు మీద, కిడ్నీ మీద, ద్రవ ప్రవాహం మీద, ఉద్యోగుల సంతృప్తి మీద అచ్చయి కనిపిస్తుంది. ఇందులో మాయేమీ లేదు. వరినాట్ల వేళ రైతులు ఒకరి మడిలో ఒకరు బదులు దిగినట్టు, సివిల్ ఆయన పేపర్లో ఇతని పేరు, ఇతని పేపర్లో ఎంబీఏ ఆయన పేరు, ఆ ఇద్దరి పేపర్లలో మేథ్స్ మేడమ్ పేరు దిగుతాయి. నలుగురు నాలుగు పేపర్లు రాస్తే ఒక్కొక్కరి ఖాతాలో నాలుగేసి పడతాయి. ఒకరి పేపర్లని ఒకరు ఉదహరించుకుంటే హెచ్-ఇండెక్సు కూడా లేస్తుంది. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ఆ కొలత కనిపెట్టినప్పుడు ఈ బదుళ్ళ సంగతి ఊహించి ఉండడు.

నాలుగు శాస్త్రాలకీ నిజంగా పనికొచ్చిన పరిశోధకుడు ఈ ప్రాంతానికి మరీ దూరంవాడేమీ కాదు. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు లెక్కల్లో ఎంఏ చదివింది వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే. 1945లో, పాతికేళ్ళ వయసులో, కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో ఆయన ఒక చిన్న వ్యాసం అచ్చు వేయించారు. ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే అందులోని క్రామర్-రావు హద్దు ఇవాళ రాడార్ ఇంజనీరుకీ, స్కానింగ్ చిత్రాల మీద పనిచేసేవారికీ, ఆర్థికవేత్తకీ కావాలి. కేంబ్రిడ్జి పీహెచ్‌డీ ఆ తరవాత మూడేళ్ళకి వచ్చింది. మన స్కాలరు ఈ వరస తిప్పేశాడు. ముందు పీహెచ్‌డీ, వీలుంటే తరవాత ఆలోచన.

ఒకప్పుడు పరిశోధన అంటే వాల్తేరు వెళ్ళాలి. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం తప్ప ఈ వైపు దిక్కు లేదు. 2008లో ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం, 2019లో విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, 2022లో జేఎన్‌టీయూ గురజాడ వచ్చాయి. దూరం తగ్గింది, కారణాలు పెరిగాయి. స్కాలరుని పరిశోధనలోకి దింపేది జ్ఞానతృష్ణ అని అతను కూడా అనడు. కాలేజీలకి గ్రేడులిచ్చే న్యాక్ బృందం వస్తుందంటే ప్రిన్సిపాల్ సర్క్యులర్ దింపుతుంది, పీహెచ్‌డీ లేనిదే అసోసియేట్ ప్రొఫెసరు కాలేవన్న నిబంధన దింపుతుంది, తోడల్లుడి పేరు ముందు ‘డాక్టర్’ చేరిన పెళ్ళికార్డు దింపుతుంది. ఊళ్ళో తల్లికి మాత్రం ఇదేమీ బోధపడదు. “ఉద్దోగం వచ్చినాక మళ్ళీ సదువేట్రా నాయినా?” అని పండక్కి వెళ్ళినప్పుడల్లా అడుగుతుంది. ఆ ప్రశ్నకి సమాధానం ఏ థీసిస్‌లోనూ లేదు.

రిజిస్ట్రేషన్ అయ్యాక గైడు దొరుకుతాడు. గైడు అనేది ఒక మనిషి, ఒక సంతకం, ఒక మూడ్. మూడ్ బాగున్న రోజున సంతకం దొరుకుతుంది. స్కాలరు గైడుగారికి రైలు టికెట్లు తీస్తాడు, వారి అమ్మాయి కౌన్సెలింగ్‌కి ఆప్షన్లు పెడతాడు, సీజన్లో పనసకాయ, సంక్రాంతికి పలాస జీడిపప్పు పంపుతాడు. అది లంచం కాదని ఇద్దరికీ తెలుసు, మరేమిటో ఇద్దరికీ తెలీదు. మంచి గైడ్లు లేరని కాదు. రాత్రి రెండింటిదాకా కూర్చుని అధ్యాయం మొత్తం ఎర్రసిరాతో దిద్దిచ్చే పెద్దలున్నారు. స్కాలర్లు వాళ్ళ జోలికి పోరు.

ఇక పరిశోధనలోకి వస్తే, గణితంలో ఇతని అభిమాన వస్తువు సాగే పలక మీద ద్రవ ప్రవాహం. 1970లో క్రేన్ అనే ఆయన ఒక పలకని సాగదీస్తే ద్రవం ఎలా కదులుతుందో సమీకరణం రాసి, ముచ్చటైన జవాబు కూడా తేల్చాడు. ఆ పలక ఇంకా సాగుతూనే ఉంది. ఒకరు దానికి అయస్కాంత క్షేత్రం తగిలించారు, ఒకరు కింద రంధ్రాలు పెట్టారు, ఇంకొకరు ఉష్ణ వికిరణం చేర్చారు, ఆపైన రసాయన చర్య, ఆ తరవాత నానో ద్రవం. ప్రతి కొత్త పదానికీ ఒక కొత్త పేపరు. ఆ పలకని పరిశ్రమలో చూసినవారు అరుదు గాని, చూడకపోవడం గణితంలో దోషం కాదు కాబట్టి ఇక్కడ స్కాలరుని తప్పుపట్టలేం.

ఇంజనీరింగ్‌లో పని సిమెంటుతో. సిమెంటులో కొంత తీసి ఆ మేరకి ఇంకోటి కలపాలి. పలాస ప్రాంతంలో జీడిపిక్కల పైపెంకు కాల్చిన బూడిద ఉంది, గరివిడి వైపు ఫెర్రో అల్లాయ్ కొలిమిల స్లాగు ఉంది. 5 శాతం, 10 శాతం, 15 శాతం కలిపి, 150 మిల్లీమీటర్ల ఘనాలు పోసి, నీళ్ళ తొట్టిలో ముంచి, 7వ రోజున, 28వ రోజున యంత్రం కింద పెట్టి పగలగొడతారు. ఎక్కువసార్లు 10 శాతం దగ్గర బలం కాస్త పెరిగి, తరవాత పడిపోతుంది. ఫలితం ఇలా వస్తుందని ల్యాబ్ అటెండరుకి ముందే తెలుసు. అయినా ఈ నాలుగింటిలో కాస్త చెమట ఉన్న పరిశోధన ఇదే. ఘనం నిజంగా పోయాలి, నిజంగా మోయాలి, అది నిజంగా పగలాలి.

వైద్యం దగ్గర అసలు కథ ఉంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వంటి మండలాలతో కూడిన ఉద్దానంలో ఏళ్ళ తరబడి కిడ్నీ వ్యాధి మనుషుల్ని తినేస్తోంది. వారిలో చాలామందికి షుగరూ లేదు, బీపీ లేదు. నీళ్ళలో సిలికా అన్నారు, భారలోహాలు అన్నారు, పురుగుమందులు అన్నారు, ఎండలో నీళ్ళు తాగకుండా చేసే కూలిపని అన్నారు, జన్యువులు అన్నారు. ఇదీ కారణమని అందరూ ఒప్పుకున్నది ఇంకా తేలలేదు. హిరమండలం నుంచి తాగునీళ్ళ పథకం వచ్చింది, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. టెక్కలిలో బస్సెక్కితే పూట తిరక్కుండా ఉద్దానం కొబ్బరితోటల్లో దిగొచ్చు.

స్కాలరు ఎక్కడు. అతనికి ఉద్దానం కాలిఫోర్నియాలో దొరుకుతుంది. అక్కడి అర్వైన్‌లోని విశ్వవిద్యాలయం తన డేటా భాండారంలో 2015లో కిడ్నీ రోగుల పట్టిక ఒకటి పెట్టింది. 400 మంది, ఒక్కొక్కరికి 24 లక్షణాలు. 250 మందికి జబ్బుంది, 150 మందికి లేదు. వాళ్ళు కాలిఫోర్నియా వాళ్ళూ కారు, తమిళనాడులోని కారైక్కుడిలో ఒక ఆసుపత్రికి వచ్చినవాళ్ళు. కాళ్ళ వాపు ఉందా, ఆకలి బాగుందా, హిమోగ్లోబిన్ ఎంత వంటివి ఆ నిలువు వరసలు. మధ్యలో ఖాళీ గళ్ళు బోలెడు. ప్రపంచమంతా ఆ 400 మందినే తిప్పి తిప్పి వాడుకుంటోంది, శ్రీకాకుళం స్కాలరు కూడా వాళ్ళనే పిలుస్తాడు. 320 మందితో యంత్రానికి నేర్పి, మిగిలిన 80 మంది మీద పరీక్ష పెడతాడు. ఒక్కరి దగ్గర తప్పితే కచ్చితత్వం 98.75 శాతం. పేపరు మొదటి వాక్యం ఉద్దానం కన్నీటితో మొదలవుతుంది, రెండో వాక్యం నుంచి కారైక్కుడే. తప్పిపోయిన ఆ ఒక్కరికి జబ్బుండి లేదని వచ్చిందా, లేక ఉందని వచ్చిందా అన్నది డాక్టరు మొదట అడిగే ప్రశ్న. పేపరుని పరిశీలించిన వాళ్ళలో డాక్టరు ఉండడు.

ఎప్పుడైనా ఒక స్కాలరు పట్టుదల కొద్దీ కవిటి వైపు వెళ్ళాడనుకుందాం. తోటలో రైతు కుర్చీ వేసి, బొండాం కొట్టిచ్చి, ఇలాంటి మాటంటాడు: “ఇదివరకొచ్చినోళ్ళు రగతం తీసుకెల్లారు బావూ, నుయ్యినీళ్ళు సీసాల్లో అట్టుకెల్లారు. ఏటుందో సెప్పడానికి ఒక్కడూ తిరిగి రానేదు.” ఈ వాక్యాన్ని రాసుకోవడానికి ప్రశ్నావళిలో గడి లేదు. ఇదే శ్రీకాకుళం జిల్లాలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి సవర భాష కోసం సవరల్ని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు, మన్యంలో తిరిగి జ్వరం తెచ్చుకున్నారు, దానికి మింగిన క్వినైనుతో వినికిడి పోగొట్టుకున్నారు. ఆయన సవర వ్యాకరణ గ్రంథం 1931లో అచ్చయింది. ఆ పద్ధతిలో పనిచేసినవారికి మూడేళ్ళలో సబ్మిషన్ కుదరదు.

మేనేజ్‌మెంట్ పరిశోధన గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. జూట్ మిల్లు కార్మికులు గాని, డ్వాక్రా మహిళలు గాని, పొందూరు నేతగాళ్ళు గాని నూట ఇరవై మంది కావాలి. ‘పూర్తిగా అంగీకరిస్తాను’ నుంచి ‘అస్సలు అంగీకరించను’ దాకా 1932 నాటి లైకర్ట్ కొలబద్ద మీద టిక్కులు పెట్టించాలి. టైము లేకపోతే ఆ టిక్కులు హాస్టల్ కుర్రాళ్ళ చేత పెట్టించడం కూడా ఉంది. అప్పుడు నేతగాళ్ళ సంతృప్తి కొంచెం పెరుగుతుంది.

రాసింది అచ్చవ్వాలి. వాట్సాప్‌లో ‘ఫస్ట్ ఆథర్ అమ్ముడుపోయింది, మూడో ఆథర్ ఖాళీ’ అని ఇళ్ళస్థలాల ప్రకటనలా సందేశాలు వస్తాయి. ఇంజనీరింగు, గణితం, వైద్యం, వాణిజ్యం నాలుగూ ఒకే అట్ట కింద వేసే ‘అంతర్జాతీయ’ పత్రికలు ఇతని కోసమే పుట్టాయి. సోమవారం డబ్బు కడితే శుక్రవారం సర్టిఫికెట్ వస్తుంది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒమిక్స్ అనే ప్రచురణ సంస్థకి ఇలాంటి వ్యవహారంలోనే అమెరికా న్యాయస్థానం 2019లో 5 కోట్ల డాలర్లకి పైగా చెల్లించమని తీర్పిచ్చింది. యూజీసీ 2019లో మంచి పత్రికల జాబితా ఒకటి తెచ్చి, 2025లో ఎత్తేసింది. థీసిస్‌కి ముందు పేపరు తప్పనిసరి అన్న నిబంధనని 2022లోనే తీసేసింది. నిబంధన పోయినా పేపర్లు ఆగలేదు, ర్యాంకులకీ ప్రమోషన్లకీ అవి కావాలి.

కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ ఇంకో గండం. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాటకూడదు. దాటితే స్కాలరు వాక్యాల్ని పారాఫ్రేజ్ యంత్రంలో వేసి పర్యాయపదాలు మార్పిస్తాడు. ఈ దొంగతనం ప్రపంచమంతటా ఉంది. 2021లో ఫ్రాన్స్ పరిశోధకులు, వారి సహచరులు కలిసి ఇలాంటి వికార పదబంధాల్ని ఏరితే, రొమ్ము క్యాన్సరు ‘రొమ్ము గండం’గా, కృత్రిమ మేధ ‘నకిలీ చైతన్యం’గా మారి కనిపించాయి. కిడ్నీ ఫెయిల్యూర్‌కి ‘కిడ్నీ నిరాశ’ అని కూడా అచ్చయింది. ఉద్దానం సంగతి తెలిసినవాళ్ళకి ఆ యంత్రం తప్పు రాసిందనిపించదు.

ఆఖరి ఘట్టం వైవా. ఎక్స్‌టర్నల్‌గారు ముందురోజు రాత్రే దిగుతారు. ఉదయం అరసవిల్లి దర్శనం, టైముంటే శ్రీకూర్మం, తిరిగొచ్చాక వైవా, ఆపైన భోజనం. ప్రశ్నలు రెండో మూడో ఉంటాయి, భోజనంలో ఐటమ్స్ అంతకంటే చాలా ఎక్కువ ఉంటాయి. ‘భవిష్యత్తులో ఏం చేయవచ్చు’ అన్న ప్రశ్న తప్పక వస్తుంది, దానికి ‘మరింత పెద్ద డేటాతో చేయవచ్చు’ అన్న జవాబు తప్పక వెళుతుంది. శాలువా, బొకే, గ్రూప్ ఫోటో. మర్నాడు జిల్లా పేజీలో పాస్‌పోర్టు ఫోటోతో ‘డాక్టరేట్ ప్రదానం’ అని ఆరు లైన్లు. స్వగ్రామం జంక్షన్‌లో యువజన సంఘం వారి ఫ్లెక్సీ.

ఇంతా చేసి స్కాలరు తెలివితక్కువవాడు కాడు, సోమరీ కాడు. వారానికి పదహారు క్లాసులు చెప్పి, న్యాక్ ఫైళ్ళు కట్టి, అడ్మిషన్ల సీజన్లో ఊరూరా తిరిగి, మిగిలిన టైములో ఈ పనంతా చేశాడు. అడిగిన కాగితం ఇచ్చాడు. అడిగినవాళ్ళు కాగితమే అడిగారు.

డాక్టరేట్ వచ్చాక, విశ్వవిద్యాలయం గుర్తింపు ఇస్తే, అతనూ గైడు అవుతాడు. 2022 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసరు ఒకేసారి నలుగురు స్కాలర్లని తీసుకోవచ్చు. ఆ నలుగురిలో ఎవరికైనా కిడ్నీ మీద పని చేయాలని ఉంటే, ఇచ్ఛాపురం బస్సులు టెక్కలి, పలాస మీదుగానే వెళ్తాయి.