గుర్రానికి సర్కారు కొలువు

మా బిలాస్‌పూర్ సిర్గిట్టిలో ఉద్యోగమంటే రైల్వే ఉద్యోగమే. తక్కినవన్నీ "ఏదో చేసుకుంటున్నాడట" పద్దు కింద జమ. ఫలానా వాళ్లబ్బాయి బెంగళూరులో లక్షలు సంపాదిస్తున్నాడని చెబితే, "సంతోషం, మరి పాస్ ఇస్తారా?" అని అడిగే పెద్దమనుషులు మా వీధిలో ఇంకా ఉన్నారు. వాళ్లనని లాభం లేదు. 1887లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పుట్టాక, ఆ పట్టాలు పట్టుకునే మా తాతల కాలంవాళ్లు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి బిలాస్‌పూర్ దాకా వచ్చారు. పురుడు రైల్వే ఆసుపత్రిలో, పాఠాలు రైల్వే స్కూల్లో, పెళ్లివిందు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో, సొంతూరి ప్రయాణం పాసు మీద. 2003లో ఏకంగా జోన్ హెడ్డాఫీసే బిలాస్‌పూర్‌కి వచ్చేసరికి, దేవుడు కూడా రైల్వే స్టాఫేనని మావాళ్లకు నమ్మకం కుదిరిపోయింది.

అలాంటి చోట మా మేనల్లుడు గుర్రాల పనికి అమెరికా వెళ్తానన్నాడు.

తప్పు నిజాం గారిదని మా అక్క వాదన. వీడు గ్రూప్ డి పరీక్ష రాసి, ఫలితాలు వచ్చేలోగా ఊరికే కూర్చోవడమెందుకని హైదరాబాద్ వెళ్లి, మలక్‌పేట రేసుకోర్సులో గుర్రాలు చూసే సైసుగా చేరాడు. ఆ పందేలు మొదట మౌలాలీలో జరిగేవి. 1886లో ఆరో నిజాం వాటిని మలక్‌పేటకు మార్చాడు. "అక్కడే ఉంచితే ఆయన సొమ్మేం పోయింది? మౌలాలీలో లోకోషెడ్ ఉంది. నా కొడుకు ఇటు కాకపోతే అటైనా జారేవాడు" అంటుంది అక్క. రేసుకోర్సు నుంచి ఒక రైడింగ్ స్కూలుకీ, అక్కణ్నుంచి ట్రైనీ వీసా మీద ఫ్లోరిడాలోని వెల్లింగ్టన్‌కీ వాడి దారి పడింది. చలికాలం మూడు నెలలూ అక్కడ గుర్రాల పోటీలు తిరునాళ్లలా సాగుతాయి. దేశదేశాల గుర్రాలు దిగుతాయి.

"హంటర్ జంపర్ షోలు మావయ్యా" అన్నాడు.

"సర్కస్సేటిరా?" అంది మా అమ్మ, పక్కనుంచి.

మూడు తరాల రైల్వే నెత్తురు కదా, వాడు మాకు అర్థమయ్యే భాషలోనే చెప్పాడు. హంటర్ అంటే జీఎం ఇన్‌స్పెక్షన్. గుర్రం కంచె దూకితే చాలదు, ఎంత పొందికగా, ఎంత నిదానంగా, ఒకే నడకలో దూకిందో జడ్జి చూసి నూటికి ఇన్ని అని మార్కులేస్తాడు. ఒంటిమీద దుమ్ము ఉండకూడదు, తోకలో చిక్కు ఉండకూడదు. జంపర్ అంటే టైంటేబుల్. అందచందాలు ఎవడికీ అక్కర్లేదు. కర్ర పడితే నాలుగు పెనాల్టీలు, దూకనని మొరాయిస్తే నాలుగు, ఇచ్చిన టైము దాటితే లేటుకి వేరే వడ్డన. పెద్ద పోటీల్లో కంచె ఎత్తు 1.60 మీటర్ల దాకా ఉంటుంది. అంటే మా అక్క కన్నా ఎత్తు. అక్క పక్కన నిలబడి కొలిచి చూపించాడు కూడా.

"జీతమెంత, క్వార్టరుందా, మెడికలుందా?" అని నేను వరసగా అడిగాను. వాడు ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. విడిగా గది, కింద మెత్తటి పరుపు, వేడికి ఫ్యాను. నెలా నెలన్నరకోసారి కొత్త నాడాలు. ఏటా దంతవైద్యుడు. కాళ్లు నొప్పెడితే ఐసు బూట్లు, నడుం పట్టేస్తే అయస్కాంతాల దుప్పటి, ఒళ్లు పట్టడానికి ప్రత్యేకంగా ఓ మనిషి. విదేశీ పోటీలకు వెళ్లేదైతే సొంత పాస్‌పోర్టు, మెడలో మైక్రోచిప్, విమానంలో ఎదురుగా గడ్డివల, తోడుగా పరిచారకుడు. పనికిరాని వయసొచ్చాక పచ్చికలో మేస్తూ పెన్షను.

"బంగారంలాంటి ఉద్యోగంరా!" అన్నాను.

"అవన్నీ గుర్రానికి మావయ్యా. నాకు ఇంకో నలుగురితో కలిసి ఒక గది."

అప్పుడు తెలిసింది లెక్క. అక్కడ పర్మనెంట్ స్టాఫ్ గుర్రం. మావాడు కాంట్రాక్టు లేబరు.

వీసాల దగ్గరా అదే వరస. మావాడు గీతాంజలి ఎక్స్‌ప్రెస్‌లో ముంబై వెళ్లి, ఇంటర్వ్యూలో "తిరిగొచ్చేస్తావా?" అన్న ప్రశ్నకు చెమటలు కక్కుతూ జవాబిచ్చి వచ్చాడు. యూరప్ నుంచి అమెరికాలో దిగే గుర్రాన్ని అలా ఎవరూ అడగరు. రక్తం తీసి, క్వారంటైన్‌లో పెడతారు. విత్తుకొట్టినదైతే మూడు రోజుల్లో బయటపడుతుంది. ఆడ గుర్రాలకూ, విత్తుకొట్టని మగ గుర్రాలకూ మాత్రం ఒక సంసారపు రోగం లేదని తేలేదాకా వారాల తరబడి అదనపు కాపలా. ఈ సంగతి విని మా బావ చాలాసేపు మాట్లాడలేదు.

ఊరంతా కలిసి అటకాయించినా వాడు ఆగలేదుగానీ, ఆవకాయ దగ్గర ఆగిపోయాడు. అక్క జాడీ సర్దుతుంటే, "మూతకి ప్లాస్టర్ వెయ్యమ్మా, శాలలోకి వాసన కూడా పోకూడదు" అన్నాడు. మిరపకారంలోని ఘాటు పదార్థం గుర్రాల పోటీల్లో నిషిద్ధమట. కాళ్లకు రాస్తే చర్మం మండి, కర్ర తగలకుండా ఎగిరి దూకుతాయని. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో గుర్రాల పోటీలు హాంకాంగ్‌లో పెట్టారు. అక్కడ నాలుగు గుర్రాల్లో ఈ కారం బయటపడింది. వాటిలో ఒకటి నార్వేది, దానితో ఆ దేశం టీమ్ కాంస్యమే పోగొట్టుకుంది. ఒక దేశం పతకాన్ని ఊడగొట్టగల సరుకు మా అక్క గూట్లో ఐదు కిలోలుంది. ఇప్పుడు మావాడు అన్నంలో ఆవకాయ కలుపుకున్న రోజున రెండుసార్లు సబ్బుతో తోముకుని, నిమ్మచెక్కతో గోళ్లు రుద్దుకునిగానీ గుర్రాన్ని ముట్టుకోడు.

అమ్మకు వాడితో తగువంతా జడల దగ్గర. మాకు మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయినప్పుడు వాడికి తెల్లవారుజామున మూడు. భోజనాల వేళకి వీడియోలో కనిపిస్తాడు. చిన్న నిచ్చెనపీట మీద నిలబడి ఉంటాడు, నడుముకి ఊలుదారాల కట్ట వేలాడుతుంటుంది. ఉదయం హంటర్ క్లాసుంటే, గుర్రం జూలునంతా తడిపి, వేలెడేసి పాయలు తీసి, ముప్పై నలభై బుల్లి జడలు అల్లాలి. జడ సగంలోకి వచ్చాక ఊలుదారం కలిపి అల్లి, చివర ముడేసి, కొక్కెం సూదితో దారాన్ని పైకి లాగి, జడను మడిచి మెడకు అంటేలా బిగించాలి. ఒక్కటి వంకరపోయినా వరసంతా వికారమే. గుర్రం నిద్రలో తల విదిలిస్తే మళ్లీ మొదటికి. షోల్లో దీనికే వేరే మనుషులుంటారు, రాత్రంతా శాల నుంచి శాలకు పీట మోసుకు తిరుగుతారు. వాళ్లకు చేతినిండా పనున్న వారం మావాడు కూడా పీటెక్కుతాడు.

"ఆ మూడో పాయ ఒదులుగుంది, బిగించి లాగరా" అంటుంది అమ్మ, ముద్ద నోట్లో పెట్టుకుంటూ. వాడు నోరెత్తకుండా విప్పి మళ్లీ అల్లుతాడు. అంతా అయ్యాక అమ్మ నా వైపు తిరిగి, "మనవరాలికి ఏనాడైనా ఒక్క జడేశాడా వీడు!" అంటుంది. ఉలవలు పెడుతున్నారా అని కూడా అడిగింది. పెట్టరట, పొద్దుటికీ సాయంత్రానికీ వేరువేరుగా పొట్లాలు కట్టిన కీళ్ల మందులు దాణాలో కలుపుతారట. "పాపం గుర్రం" అంది.

నాకు మాత్రం వాడి ఉద్యోగం ఏమిటో ఒక తెల్లవారుజామున అర్థమైంది. ఫోను గూట్లో ఆనించి పెట్టి, వాడు గుర్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు. రాత్రి చుట్టిన కట్లు విప్పి, మోకాలి కింద నుంచి గిట్ట దాకా అరచేతిని మెల్లగా జారుస్తున్నాడు. నాలుగు కాళ్లూ అయ్యాక, ముందు ఎడమకాలి దగ్గరకు మళ్లీ వచ్చి ఆగాడు.

"ఏమైందిరా?"

"కొంచెం వేడిగా ఉంది మావయ్యా. ఇవాళ దిగనివ్వను. డాక్టర్ని పిలవాలి."

నేను క్యారేజ్ అండ్ వ్యాగన్‌లో ఫిట్టర్‌గా రిటైరైనవాణ్ణి. బండి ఆగీ ఆగగానే దాని వెంట నడుస్తూ యాక్సిల్ బాక్సుల మీద చెయ్యి పెట్టి చూస్తూ బతికినవాణ్ణి. వేడి తగిలితే, బొగ్గు బండి కానీ, ఎవరి బండన్నా కానీ, ఆ డబ్బాను విడదీయాల్సిందే. అందాకా ఆఫీసర్లు ఎంత అరిచినా బండి కదలదు. అక్కడ లక్ష డాలర్లు పైబడిన గుర్రాన్ని, ఎంట్రీ ఫీజు కట్టి, టోపీ పెట్టుకుని సిద్ధంగా ఉన్న యజమానిని, ఆ పూటకి పాతికేళ్ల సిర్గిట్టి కుర్రాడి అరచెయ్యి ఆపేసింది. పాస్ లేకపోతే లేకపోయింది, వాడిది మన డిపార్టుమెంటే.

ఈ మాట వీధిలో చెబితే, "ఆ పనేదో మన దేశంలోనే చెయ్యొచ్చుగా?" అన్నారు. మన దేశం సంగతీ తక్కువ తమాషా కాదు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో డ్రెస్సాజ్ అనే గుర్రపు స్వారీ పోటీలో టీమ్ స్వర్ణం మనదే. గుర్రాల పోటీల్లో 1982 ఢిల్లీ తర్వాత మళ్లీ అదే బంగారం. గెలిచిన నలుగురూ అనూష్, హృదయ్, దివ్యకృతి, సుదీప్తి. ఏళ్లపాటు యూరప్‌లో మకాం పెట్టి, అక్కడి గుర్రాల మీదే సాధన చేశారు. రోగాల నిబంధనలవల్ల మన గడ్డ మీది గుర్రం పరదేశపు పోటీకి వెళ్లడం గగనం. మీరట్ సైనిక కేంద్రానికి రోగరహిత గుర్తింపు దక్కింది 2025లోనే. గుర్రానికి దారి లేని చోట మనుషులే వెళ్లాలి మరి.

ఇప్పుడు వాడికి సంబంధాలు చూస్తున్నాం. మొన్న దుర్గ్ నుంచి ఆడపిల్లవాళ్లొచ్చారు. వాళ్లదీ రైల్వే కుటుంబమే. పెద్దాయన కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అనుకున్న ప్రశ్నే వేశాడు: "ఉద్యోగం పర్మనెంటేనా?"

"గుర్రానికి పర్మనెంటండీ" అన్నాను.

ఆయన ఒక నిమిషం ఆలోచించి, గుర్రానికి పెళ్లయిందా అన్నాడు.

"అది విత్తుకొట్టినదండి. మీకు ఉన్నది మావాడొక్కడే."