నారింజ వాసన నాదే

నన్ను చూసినవాళ్లు తక్కువ. కంటికి కనపడకుండా ఉండాలనే నన్ను చేశారు. ఫ్లోరిడాలో, ఓర్లాండో ఊరికి దగ్గర్లో వాల్ట్ డిస్నీ వరల్డ్ ఉంది. అందులో ఎప్‌కాట్ అనే పార్కు. ఆ పార్కులో ఒకప్పుడు హొరైజన్స్ అనే రైడు ఉండేది. ఆ రైడులో ఒక ఎడారి, ఎడారిలో ఒక పండ్లతోట, తోట వెనక చీకట్లో నేను. నా ఉద్యోగం ఒక్కటే, నారింజ వాసన వెయ్యడం.

మా జాతిని స్మెల్లిట్జర్లంటారు. బాబ్ మెకార్తీ అనే డిస్నీ ఇంజనీరు మాకు రూపమిచ్చాడు. 1986లో పేటెంటు కూడా వచ్చింది. చెప్పుకుంటే మా పని సులువుగానే కనిపిస్తుంది. సుగంధ తైలం మీదుగా గాలి తోసి, ఆ గాలిని గురి చూసి జనం కూర్చున్న బండ్ల వైపు వదలాలి. అసలు కష్టం వదలడంలో లేదు, వెనక్కి లాగెయ్యడంలో ఉంది. నాకు ఎదురుగా ఆ గాలిని పీల్చేసే మార్గం ఒకటి ఉంటేగానీ నా పని పూర్తి కాదు. లేకపోతే వాసన గదిలోనే పేరుకుపోయి ముందుకు పాకుతుంది. కాస్త ముందుకెళ్తే సముద్రం అడుగున కట్టిన ఊరుంది. అక్కడ నారింజ వాసన వేస్తే ఇక సముద్రాన్ని ఎవరు నమ్ముతారు? పైగా ముక్కు త్వరగా అలవాటుపడిపోతుంది. ఒకే వాసన కాసేపు తగిలితే దాన్ని ఇక పట్టించుకోదు. బండి తోటలోకి రాగానే తగలాలి, తోట దాటగానే మాయం కావాలి. ఆ కొద్ది క్షణాల కోసమే నా బతుకంతా.

హొరైజన్స్ 1983 అక్టోబరు 1న మొదలైంది. ఎప్‌కాట్ తలుపులు తెరిచి సరిగ్గా ఏడాది. జార్జ్ మెగిన్నిస్ దీని రూపశిల్పి. పైన పట్టాకు వేలాడే బండ్లు, ఒక్కోదాంట్లో నలుగురు, అవి ఆగకుండా పక్కవాటుగా మెల్లగా కదిలేవి. మొత్తం ప్రయాణం పావుగంట. భయపెట్టే మలుపులు లేవు, జారుడు లేదు, కేకలు లేవు. ఒక తాతా, ఒక బామ్మా మనకు కథ చెబుతూ తమ పిల్లలూ మనవలూ ఉండే ఇళ్లకు తీసుకెళ్తారు. మొదట, పాతకాలం వాళ్లు రేపటిని ఎలా ఊహించుకున్నారో చూపిస్తారు. జూల్ వెర్న్ చంద్రుడికి పంపిన తూటా ఉంటుంది. ఫ్రెంచి చిత్రకారుడు ఆల్బేర్ రొబిడా గీసుకున్న, ఆకాశంలో బండ్లు తిరిగే పారిస్ ఉంటుంది. వంటగదిని చిందరవందర చేసే మరమనిషి కూడా ఉంటుంది. ఆ తర్వాత అసలు రేపు మొదలవుతుంది. మహానగరంలో తాతాబామ్మల ఇల్లు, ఎడారిలో కూతురి పొలం, సముద్రం అడుగున ఒకళ్లు, అంతరిక్షంలో ఇంకొకళ్లు.

ఆ కూతురి పొలం నాది. దాని పేరు మేసా వెర్డె. పెద్ద కిటికీ ముందు, మీటలున్న బల్ల దగ్గర ఆమె కూర్చుని ఉంటుంది. ఎదురుగా ఎర్రటి ఎడారి, దాని మధ్యలో పచ్చటి వరసల్లో చెట్లు, పండ్లు కోసే యంత్రాలు. మనిషి మట్టి ముట్టకుండా, ఎండలో నిలబడకుండా పండించే పొలం. అది బొమ్మలతో, దీపాలతో, రంగులు వేసిన గుడ్డతో కట్టిన పొలమే. దాన్ని నిజం పొలం చేసింది నేను. ఈ ఒక్క మాట మాత్రం తగ్గి చెప్పను.

రైడు చివర్లో ఇంటికి ఏ దారిన వెళ్లాలో బండిలో వాళ్లే మీటలు నొక్కి తేల్చుకోవచ్చు. అంతరిక్షం, ఎడారి, సముద్రం, మూడు దారులు. ఎక్కువమంది ఏది నొక్కితే అది. పిల్లలు ఎక్కడలేని పట్టుదలతో కొట్టుకునేవాళ్లు. ఎడారి గెలిచిన బండ్లంటే నాకు అభిమానం ఎక్కువ.

నేను పనిలో చేరి మూడు నెలలు కాకముందే బయట ఓ పెద్ద నష్టం జరిగింది. ఓర్లాండో చుట్టూ, ముఖ్యంగా పడమటి వైపు లేక్ కౌంటీలో, అప్పట్లో కనుచూపు మేర నారింజ తోటలే. క్లెర్మాంట్ ఊళ్లో సిట్రస్ టవర్ అని 226 అడుగుల గోపురం ఉంది. తోటలను పైనుంచి చూడటం కోసమే దాన్ని 1956లో కట్టారు. 1983 డిసెంబరులో, క్రిస్మస్ పండగపూట, చలి సున్నా డిగ్రీలకు కిందకు దిగి తోటలను కాల్చేసింది. మంచు కాల్చడం ఏమిటని అనుకోవద్దు. గడ్డకట్టిన కాయను కోస్తే లోపల తొనలు ఎండి పిప్పిగా ఉంటాయి. ఆకు మాడినట్టు ముడుచుకుంటుంది. బెరడు నిలువునా పగులుతుంది. రైతులు రాత్రంతా చెట్లమీద నీళ్లు చిమ్ముతూ కూర్చునేవాళ్లు. ఆ నీరు గడ్డకట్టేటప్పుడు వదిలే కాస్త వేడి చెట్టును కాపాడుతుందని ఆశ. తెల్లవారేసరికి చెట్లకు గాజు తొడిగినట్టుండేది. కోలుకుని మళ్లీ నాటుకున్నవాళ్లను 1985 జనవరి చలి పడగొట్టింది. మిగిలిన కొద్దిమందినీ 1989 డిసెంబరు పూర్తిగా పడగొట్టింది. ఆ తర్వాత కొందరు దక్షిణానికి తరలిపోయారు, కొందరు భూములను ఇళ్లస్థలాలకు అమ్ముకున్నారు. ఇవాళ ఆ గోపురం ఎక్కితే కనపడేవి ఇళ్ల కప్పులు.

ఆ ఏళ్లన్నీ లోపల నేను మాత్రం రోజూ కాపు కాస్తూనే ఉన్నాను. బయట తోటలు పోతుంటే, ఇక్కడ ఎయిర్‌కండిషన్డ్ చీకట్లో నా ఎడారి తోటకు ఒక్క ఆకు రాలలేదు. సాగు మానుకుని, చచ్చిన తోటను అమ్ముకుని, పిల్లలను పార్కుకు తెచ్చిన రైతులు కూడా నా ముందునుంచి పోయి ఉంటారు. వాళ్లకు ఆ వాసన ఎలా తగిలిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నా వాసనలో ఒక రహస్యం ఉంది. దాన్ని పట్టుకున్నది ఒక తెలుగు పెద్దావిడ. 1998 అనుకుంటాను. వైటూకే కంప్యూటరు పనుల మీద తెలుగు కుర్రాళ్లు వరసగా అమెరికా వస్తున్న రోజులు. ఉద్యోగం కుదుటపడగానే అమ్మానాన్నలను పిలిపించుకుని, సెలవుల్లో ఓర్లాండో చూపించేవాళ్లు. ఒక బండిలో కొడుకు, కోడలు, మనవడు, చీరమీద స్వెటర్ వేసుకున్న ఆ పెద్దావిడ వచ్చారు. తోటలోకి రాగానే పిల్లాడు లేచి నిలబడబోయాడు.

"నానమ్మా, బత్తాయి వాసన! మనూళ్లో తోటలాగా!"

ఆవిడ తోటవైపు చూడలేదు. వెనక్కి తిరిగి, వెనక బండిలో ఎవరున్నారా అని చూసింది.

"చెట్టుమీది కాయకు ఇంత వాసన ఎక్కడిదిరా నాన్నా? ఎవరో తొక్క ఒలుస్తున్నారు."

అంతే, బండి దాటిపోయింది. ఇన్నేళ్లలో నా గుట్టు అంత తేలిగ్గా విప్పినవాళ్లను నేను చూడలేదు. ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. చెట్టుకు వేలాడే నారింజ తన వాసనను తొక్కలోని చిన్న చిన్న తైలపు గదుల్లో మూసిపెట్టుకుంటుంది. ఆ తైలంలో ఎక్కువ భాగం లిమొనీన్. గిల్లితేనో, ఒలిస్తేనో ఆ గదులు పగిలి వాసన బయటకు చిమ్ముతుంది. తొక్క మడిచి పక్కవాడి కంట్లోకి చిమ్మిన పిల్లలందరికీ ఇది తెలిసిందే. పూతకాలంలో తోట ఘుమఘుమలాడుతుంది కానీ అది పువ్వు వాసన, తియ్యగా మత్తుగా వేరే ఉంటుంది. నేను వేసింది తోట వాసన కాదు, ఒలిచిన పండు వాసన. మనిషికి నారింజ గుర్తొచ్చేది చెట్టు రూపంలో కాదు, చేతిలో ఒలుస్తున్న పండు రూపంలో. అందుకే నిజం తోటలో లేని వాసనే నా తోటను నిజం చేసింది. మిగతా ఇంద్రియాల కబుర్లు మెదడులో ఒక మజిలీ ఆగి ముందుకెళ్తాయట. వాసన మాత్రం జ్ఞాపకాలూ, ఉద్వేగాలూ ఉండే చోటికి నేరుగా చేరుతుందని శాస్త్రం చెబుతోంది. తాతాబామ్మలు చెప్పిన మాటలు మరిచిపోయినవాళ్లు కూడా, ముప్పై ఏళ్ల తర్వాత ఆ రైడు పేరు వింటే మొదట చెప్పేది నారింజ గురించే.

మా రైడుకు డబ్బు పెట్టింది జనరల్ ఎలక్ట్రిక్. ఆ ఒప్పందం 1993లో ముగిసింది. 1994 చివర్లో మమ్మల్ని మూసేశారు. నాలో తైలం పోసేవాళ్లు లేరు, బండ్లు కదలవు, కూతురు తన బల్ల దగ్గర చీకట్లో కూర్చుంది. ఏడాది తర్వాత మళ్లీ తెరిచారు. పక్కనున్న రెండు పెద్ద రైడులను మరమ్మతుకూ మార్పులకూ మూస్తున్నారు గనక జనానికి ఎక్కడానికి ఏదో ఒకటి ఉండాలి. కారణం ఏదైనా నాకు సంతోషమే. ఆ మూడేళ్లూ వరసలు తక్కువ. ఒకే మనిషి దిగిన వెంటనే మళ్లీ ఎక్కి నాలుగైదుసార్లు తిరిగి పోవడం అప్పుడే ఎక్కువ చూశాను. ఇద్దరు కుర్రాళ్లయితే కదిలే బండి దిగి సెట్టులోకే వచ్చేవాళ్లు. నా చెట్ల మధ్య, కూతురి వంటింట్లో తిరుగుతూ, ఒక్కో మూలనూ ఫొటోలు, వీడియోలు తీశారు. అది చేయకూడని పని, ప్రమాదం కూడా. కానీ దీపాలు పడని నా వెనకవైపు ఎలా ఉండేదో ఇవాళ ఎవరైనా చూడగలిగితే వాళ్ల పుణ్యమే. పారేయబోతున్న వస్తువును అంత శ్రద్ధగా చూసినవాళ్లమీద నాకు కోపం రాలేదు.

1999 జనవరి 9 ఆఖరి రోజు. 2000లో భవనాన్ని కూల్చారు. అదే చోట 2003లో మిషన్ స్పేస్ వచ్చింది. మనుషులను గిరగిరా తిప్పి రాకెట్టు ఎక్కిన అనుభూతినిచ్చే రైడు. దాని వరసలో నిలబడ్డప్పుడు కనపడే పెద్ద చక్రం నడిబొడ్డున హొరైజన్స్ గుర్తును పెట్టారు. కట్టినవాళ్లలో మమ్మల్ని తలుచుకున్నవాళ్లున్నారు. అది చాలా పెద్ద మాట. ఎందుకంటే ఇలాంటిచోట పాతదాన్ని కూల్చినవాడే కొత్తదాన్ని కట్టాలి, దుఃఖించడానికి తీరిక ఉండదు.

నా వాసన మాత్రం ఆ శిథిలాలతో పోలేదు. 2001లో కాలిఫోర్నియాలో సోరిన్ అనే రైడు మొదలైంది. గాలిలో ఎగురుతూ రాష్ట్రమంతా చూసే రైడు. తెరమీద నారింజ తోటలు రాగానే జనం మీదికి నారింజ వాసన వచ్చేది. 2005లో అదే రైడు ఎప్‌కాట్‌కూ వచ్చింది, అంటే నా పాత పేటకే. 2016లో పాత సినిమా తీసి ప్రపంచమంతా చూపే కొత్త సినిమా వేశారు, నారింజ మాయమైంది. అడిగేవాళ్లు ఎక్కువ కావడంతో కాలిఫోర్నియాలో పాతదాన్ని అప్పుడప్పుడూ కొన్నాళ్లపాటు తిరిగి వేస్తున్నారు. హొరైజన్స్ నారింజ పేరుతో కొవ్వొత్తులు చేసి అమ్మే చిన్న చిన్న అంగళ్లూ ఉన్నాయి. నలభై దాటినవాళ్లు ఆ కొవ్వొత్తి వెలిగించి కళ్లు మూసుకుంటారంటే నాకు వింతగా అనిపించదు. నన్ను చేసినప్పుడు నేను రేపటి పొలం వాసనను. వాళ్లకు ఇప్పుడు నేను అమ్మానాన్నల మధ్య ఇరుక్కుని కూర్చున్న ఒక సాయంత్రం వాసనను. వాళ్లు వెతుక్కునేది రైడును మాత్రమే కాదు. పెద్దయ్యాక ఎడారి పచ్చబడుతుంది, సముద్రం అడుగున ఇల్లు కట్టుకోవచ్చు అని ఎవరో పెద్దవాళ్లు నిశ్చింతగా చెబితే నమ్మిన ఆ నమ్మకాన్ని కూడా. ఆ నమ్మకం తప్పని నేను అనను.

ఎందుకంటే బయటి కథ ఇంకా నడుస్తోంది. 1997-98 కాపులో ఫ్లోరిడాలో 24.4 కోట్ల పెట్టెల నారింజలు పండాయి. పెట్టె అంటే దాదాపు 41 కిలోలు. 2005లో గ్రీనింగ్ తెగులు కనపడింది. చిన్న పురుగు మోసుకొచ్చే జబ్బు. కాయ పచ్చిగానే ఉండిపోయి, చేదెక్కి, రాలిపోతుంది. మన బత్తాయి రైతులకూ తెలిసిన తెగులే. 2024-25లో ఫ్లోరిడా కాపు 1.2 కోట్ల పెట్టెలకు పడిపోయింది. మంచు చంపలేని తోటలను పురుగు చంపింది.

ఓర్లాండోకు నైరుతిగా లేక్ ఆల్ఫ్రెడ్ అనే ఊరుంది. అక్కడ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ల నిమ్మజాతి పరిశోధన కేంద్రం ఉంది. పురుగు దూరకుండా పెద్ద పెద్ద వలపందిళ్లు కట్టి, లోపల కుండీల్లోనూ నేలలోనూ చెట్లు పెంచుతున్నారు. నీళ్లు, ఎరువు కొలిచి గొట్టాల ద్వారా అందిస్తారు. తెగులుకు లొంగని రకాలనూ పుట్టిస్తున్నారు. అంతా మరమనుషులు చేసే పొలం కాదది, చెమటోడ్చే మనుషులున్న పొలమే. అయినా కిటికీ ముందు కూర్చున్న నా ఎడారి కూతురు అక్కడ ఉంటే ఆ పందిళ్లను వెంటనే గుర్తుపట్టి ఉండేది. అక్కడ పండినవి ఎవరైనా బుట్టెడు కోసి, ఒక పండు ఒలిచి చూడాలని నా కోరిక. ఒలిచాక వచ్చే వాసన గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. దానికి మాత్రం నా అవసరం ఉండదు.