‘మీ ఫిర్యాదు పరిష్కరించబడినది’

మహారాజశ్రీ మునిసిపల్ కమిషనర్ గారి సముఖమునకు పన్నెండో వార్డు పౌరుడొకడు నమస్కరించి చేయు విన్నపము.

నిన్న రాత్రి తొమ్మిదింటికి సదరు పౌరుడి ఫోన్‌కి తమ ఆఫీసు నుంచి మెసేజీ వచ్చింది: ఫిర్యాదు పరిష్కరించబడినది, అభిప్రాయం తెలపండి. కింద అయిదు నక్షత్రాలు, సాక్ష్యంగా ఒక ఫొటో. ఫొటోలో గోడ ఉంది. గోడ మీద ‘ఇచ్చట చెత్త వేయరాదు’ అన్న తమరి రాత ఉంది. గోడ కింద ఉన్నది మాత్రం లేదు. తీసినవాడు కెమెరాని అంత నేర్పుగా పైకెత్తాడు.

గోడ కింద చికెన్ కొట్ల నుంచి రాత్రిళ్లు వచ్చిపడే పేగులు, తలలు, ఈకలు. కల్యాణమండపం విస్తళ్లు. చిరిగిన నల్ల సంచుల చుట్టూ 11 కుక్కలు. పౌరుడు లెక్కపెట్టాడు. గురువారం పొద్దున్న ఆరింటికి పక్కింటి ఎనిమిదేళ్ల పిల్లాడు పాలప్యాకెట్‌కని అటే వెళ్లాడు. కుక్కకి వాడి పిక్క దొరికింది. నాలుగు పళ్లు దిగాయి.

పౌరుడు పిల్లాణ్ని కుళాయి కింద కూర్చోబెట్టి 15 నిమిషాలు సబ్బుతో గాయం కడిగాడు. ఆ రోజు ఏ శాఖ అనుమతీ అక్కర్లేకుండా జరిగిన పని అదొక్కటే.

ఇక మర్యాద తన వల్ల కాదంటున్నాడు.

కుక్క మునిసిపాలిటీదట. కాటు ఆసుపత్రిదట. కుక్కకి టీకా పశువైద్యులదట. చికెన్ కొట్టు లైసెన్సు ఇంకెవరిదో! నాలుగు ఫోన్లకూ ఒకటే జవాబు: అది మా పరిధి కాదండీ. రేబిస్ వైరస్‌కి పరిధి లేదు స్వామీ. కుక్క చొంగలోంచి గాయంలో దిగి, నరం పట్టుకుని మెదడు దాకా పాకుతుంది. లక్షణాలు బయటపడ్డాక ఇక మందంటూ లేదు.

బొడ్డు చుట్టూ పద్నాలుగు పొడిచే కాలం పోయింది. ఇప్పుడు సర్కారు సూది 0, 3, 7, 28 రోజుల్లో, రెండు భుజాలకీ చెరో చుక్క. మొదటిది పడింది. రక్తం కారేలా కరిస్తే అది చాలదు. టీకా పనిచేసేలోగా వైరస్‌ని గాయం దగ్గరే అడ్డుకోవడానికి ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించాలి. స్టాకు లేదన్నారు. బయట కొన్నారు, పిల్లాడి తల్లి చెవి కమ్మలు తాకట్టు పెట్టి. మూడో రోజు ఆదివారం పడింది. సూది గదికి తాళం!

కుక్కల్ని చంపెయ్యమని ఈ పౌరుడు అడగడం లేదు. వాటిని పెంచింది మనమే. ఒకప్పుడు ఊరవతల పశువు కళేబరాన్ని రాబందులు చూస్తుండగానే ఎముకలు చేసేవి. పశువులకి నొప్పులకని వాడిన డైక్లోఫెనాక్, ఆ కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాల్ని పాడుచేసింది. 2006లో పశువులకి ఆ మందు నిషేధించేసరికే అవి దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ విందు కుక్కలకి మిగిలింది. ఊళ్లో విందు తమరు పెడుతున్నారు.

రేబిస్‌ని ఆపడం చేయలేని పనా? గోవాలో వీధి కుక్కల్ని వలలతో పట్టి ఏటా టీకాలు వేశారు. నూటికి 70 కుక్కలకి వేస్తే చాలు, వైరస్ గొలుసు తెగుతుంది. అక్కడ 2018 నుంచి 2020 దాకా రేబిస్‌తో మనిషి చావు ఒక్కటీ నమోదు కాలేదు. 2030 కల్లా దేశమంతా అలాగే చేస్తామని 2021 సెప్టెంబరు 28న కేంద్ర ఆరోగ్య మంత్రి, పశుసంవర్ధక మంత్రి కలిసి ప్రణాళిక విడుదల చేశారు. ఢిల్లీలో రెండు శాఖలు ఒక వేదిక ఎక్కాయి. మన ఊళ్లో ఒకదానికొకటి ఫోన్ కూడా చేసుకోవు.

ఎలుకల మూత్రం కలిసిన కాలవలోకి మీ కార్మికులు బూట్లు లేకుండా దిగుతున్నారు, వాళ్లకి లెప్టోస్పైరోసిస్ వస్తే అదెవరి పరిధో కూడా చెప్పండి. పందులు, దోమలు, మెదడువాపు సంగతి ఇంకో ఉత్తరంలో.

బాబ్బాబు, ఏడో రోజు సూది ఈ గురువారం. పిల్లాడు కుంటుకుంటూ ఆ గోడ పక్కనుంచే ఆసుపత్రికి వెళ్లాలి, వాళ్లింటికి వేరే దారి లేదు. ఆ ఒక్క పొద్దున్నయినా గోడ కింద ఊడ్పించండి.

ఫొటో అక్కర్లేదు.