ఆటో ఇంకా రాలేదు

ఆటిజం ఉన్న పిల్లల్ని పొద్దున్నే లేపి బడికి తయారుచేయడంలో రెండు భాగాలున్నాయి. ఒకటి పిల్లవాణ్ణి తయారుచేయడం, రెండోది ఇంట్లో పెద్దల్ని తయారుచేయడం. వీటిలో మొదటిదే సులువు.

పని ముందు రోజు రాత్రే మొదలవుతుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి తొందరగా నిద్రపట్టదు, పట్టినా మధ్యలో మెలకువ వస్తుంది. శరీరానికి నిద్రవేళ చెప్పే మెలటోనిన్ హార్మోను తయారీలో తేడా ఉండటం ఇందుకో కారణం కావచ్చని పరిశోధకులు భావిస్తారు. అందుకే పడుకునే వేళ, లేచే వేళ ఆదివారమైనా మారకూడదంటారు వైద్యులు. రోజూ ఒకేలా గడిస్తే ఈ పిల్లలకు ప్రాణం హాయిగా ఉంటుంది కనుక వాళ్లకు అభ్యంతరం ఉండదు. ఆదివారం తొమ్మిదిదాకా ముసుగుతన్ని పడుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కని నమ్మే తండ్రులకే ఉంటుంది.

తర్వాతది లేపడం. తెలుగు ఇళ్లలో ఈ కార్యక్రమం పూర్తిగా అబద్ధాల మీద నడుస్తుంది. ఆరున్నరకు "ఎనిమిదైంది, లే నాన్నా" అంటారు. మసక చీకటి విడవకముందే "బారెడు పొద్దెక్కింది" అంటారు. బడి ఆటో బోయిన్‌పల్లి చౌరస్తా దాటకముందే "ఆటో వచ్చేసింది" అని కేకేస్తారు. మిగతా పిల్లలు ఇందులో నిజమెంతో లెక్కగట్టుకుని అటు తిరిగి పడుకుంటారు. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామంది మాటను ఉన్నదున్నట్టు తీసుకుంటారు. లేచి కిటికీలోంచి చూసి, "ఆటో ఇంకా రాలేదు" అని తేల్చి, మళ్లీ పడుకుంటారు. మర్నాటి నుంచి తాతయ్య మాటకు ఆ ఇంట్లో విలువుండదు. సికింద్రాబాద్‌లో క్లాక్ టవర్ 1897 నుంచీ ఉన్నా, ఊళ్లో "రెండు నిమిషాలు" అంటే నేటికీ పావుగంటే. పిల్లవాడి దగ్గర మాత్రం రెండంటే రెండే కావాలి. మంచం పక్కన టైమరు పెట్టి, అది ఎంత చెబితే అంతే చెప్పాలి.

వెలుతురు, చప్పుడు, తాకిడి కొందరు పిల్లలకు మరీ ఎక్కువగా తెలుస్తాయి. కుక్కర్ కూత, పక్కింటి సుప్రభాతం, దూరాన రైలు కూత అన్నీ ఒకేసారి మీద పడతాయి. ట్యూబ్‌లైటు వేసి దుప్పటి లాగేస్తే ఆ రోజంతా పాడే. కర్టెను కొద్దికొద్దిగా తీయాలి. పచ్చడి మిక్సీ వేసేముందు చెప్పి వేయాలి. ఈ చివరి నియమం దగ్గరే నానమ్మ సహాయ నిరాకరణకు దిగుతుంది.

ఏ పిల్లవాడికి ఏది పడదో తెలుసుకోవడానికి సికింద్రాబాద్ వాళ్లు ఎంతో దూరం వెళ్లక్కర్లేదు. బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పాటైన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ఇప్పుడు దాని పొట్టిపేరు ఎన్ఐఈపీఐడీ. పూర్తిపేరు చెప్పేలోగా ఆటో వెళ్లిపోతుంది. ఆటిజాన్ని అంచనా వేసే భారతీయ కొలబద్దను తయారుచేసింది ఈ సంస్థే. అందులో 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. మొత్తం 70కి చేరితే ఆటిజంగా లెక్క. ఎక్కువ మార్కులొస్తే స్వీట్లు పంచని పరీక్ష మనవాళ్లకు ఇదొక్కటే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజమూ ఉంది.

లేచాక చేయాల్సిన పనులు నోటితో కాక బొమ్మలతో చెబితే బాగా పనిచేస్తుంది. అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ఎరిక్ షాప్లర్ బృందం 1970లలో వ్యాప్తిలోకి తెచ్చిన పద్ధతిలో ఇది ముఖ్యమైన భాగం. బ్రష్, స్నానం, బట్టలు, టిఫిన్, బూట్లు: ఒక్కోదానికి ఒక్కో ఫొటో, వరుసగా గోడమీద అంటిస్తారు. పని పూర్తికాగానే పిల్లవాడే ఆ ఫొటో తీసి "అయిపోయింది" డబ్బాలో వేస్తాడు. ఫొటోలో ఆకుపచ్చ బ్రష్ ఉంటే చేతికీ ఆకుపచ్చదే ఇవ్వాలి. ఎవరైనా గోడ దులిపి ఫొటోలు ఇష్టమొచ్చినట్టు అంటిస్తే, పిల్లవాడు బూట్లు వేసుకుని స్నానానికి బయల్దేరతాడు. తప్పు దులిపినవాళ్లది.

ఒక్కో పనికీ ఒక్కో చిట్కా ఉంది. పుదీనా పేస్టు కొందరికి నోట్లో కారం పోసినట్టుంటుంది, ఘాటు లేనిది వాడాలి. నెత్తిన గభాల్న చెంబు కుమ్మరించకుండా కాళ్ల నుంచి మొదలుపెట్టాలి. చొక్కా మెడ దగ్గరి లేబుల్ కత్తిరించేయాలి. సాక్సుల కుట్టు వేళ్లకు గుచ్చుకుంటుంటే తిరగేసి తొడగాలి. చుట్టాలేమనుకుంటారన్నది సాక్సులకు సంబంధించిన విషయం కాదు. ఇడ్లీ అని చెప్పి ఉప్మా పెట్టడం ఎవరికైనా అన్యాయమే. ఈ పిల్లలు ఆ మాట పైకి అంటారు, అంతే తేడా.

బట్టలు వేసుకోవడం చివరి మెట్టు నుంచి నేర్పుతారు. టీషర్టు తల మీదుగా వేసి, చేతులు దూర్చి, నడుం దాకా లాగే ఆఖరి లాగు పిల్లవాడికి వదిలేస్తారు. అది వచ్చాక దాని ముందు మెట్టు. పనంతా ఒకరు చేస్తే రిబ్బను ఇంకొకరు కత్తిరించే ప్రారంభోత్సవాలు చూసినవాళ్లకు ఇది కొత్తగా ఉండదు. కాకపోతే ఇక్కడ రిబ్బను కత్తిరించినవాడు కొన్నాళ్లకు పనంతా నేర్చుకుంటాడు.

మార్పులు తప్పని రోజులుంటాయి. బోనాల సెలవైనా, ఆటో అన్న ఊరెళ్లి వేరే ఆయన వస్తున్నా ముందురోజే చెప్పి, గోడమీద ఫొటో మార్చాలి. కొత్తాయన ఫొటో కూడా దొరికితే మరీ మంచిది.

ఇవన్నీ కుదిరిన ఇంట్లో ఏడున్నరకల్లా పిల్లవాడు బ్యాగు తగిలించుకుని గుమ్మంలో నిలబడి ఉంటాడు. ఒంటికాలి చెప్పుతో రెండోదాని కోసం వెతుక్కునేది నాన్న. ఆయన ఫొటోలకు కూడా గోడమీద చోటుంది.