బావగారి కాన్ఫిగ్ వైభవం

ఎడిటర్‌లో రాసుకునేవాళ్లు లోకంలో కోకొల్లలు. ఎడిటర్‌నే రాసుకుంటూ కూర్చునే మహానుభావులు ఏ కొందరో ఉంటారు. మా బావగారు ఆ కొందరిలో ఒకరు. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో మే నెల ఎండ 47 డిగ్రీలు దాటి, జట్‌పురా గేటు దగ్గర ఆటోవాళ్లు సైతం బేరాలు మానుకుని నీడ పట్టుకునే వేళ, ఆయన కూలర్ ముందు ల్యాప్‌టాప్ పెట్టుకుని ప్లగిన్ మేనేజర్ మారుస్తుంటారు. ఊరికి బొగ్గుంది, 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రముంది, గోండు రాజుల కోట ఉంది, పక్కనే తాడోబా పులులున్నాయి. ఇన్ని ఉన్నా ఏదో వెలితిగా ఉండేది. బావగారు తన ఎడిటర్ కాన్ఫిగ్, అంటే సెట్టింగులు, రాసుకునే ఇనిట్.లువా ఫైలుతో అదీ తీరిపోయింది.

తాతల నాడు కరీంనగర్ వైపు నుంచి బల్లార్‌పూర్ బొగ్గు గనుల్లో పనికి వచ్చిన కుటుంబం వాళ్లది. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బజార్లో హిందీ. బావగారు పుణెలోని ఒక కంపెనీకి ఇంటి నుంచే ప్రోగ్రాములు రాస్తారు. రాస్తారనే మా అక్క నమ్మకం. ఒక ఇల్లాలి నమ్మకాన్ని చెడగొట్టే పాపం నేనెందుకు కట్టుకోవాలి?

ప్లగిన్ మేనేజర్ అంటే ఏమిటని తెలియనివాళ్లు అడుగుతారు. విమ్ అని ఒక ఎడిటర్ ఉంది. 1976లో బిల్ జాయ్ రాసిన వీఐ దానికి పెద్దతరం. బ్రామ్ మూలెనార్ 1991లో విమ్‌ను బయటపెట్టారు. 2014లో అందులోంచి నియోవిమ్ వేరుపడింది. మౌస్ ముట్టకుండా మాటలూ పేరాలూ కోసి అతికించడానికి ఇంతకంటే చురుకైన పనిముట్టు లేదని వాడేవాళ్లంటారు, అందులో అబద్ధమేమీ లేదు. దానికి అదనపు సౌకర్యాలు తగిలించే చిన్న చిన్న ప్రోగ్రాములే ప్లగిన్లు. ఆ ప్లగిన్లను గిట్ అనే ప్రోగ్రాం ద్వారా దించి, ఒక ఫోల్డర్లో సర్ది, ఎడిటర్‌కు దారి చూపి, అప్పుడప్పుడు కొత్త వెర్షన్ తెచ్చిపెట్టేది మేనేజర్. దాని ఉద్యోగం అంతే. అక్షరం టైపు చెయ్యదు, తప్పు దిద్దదు. ఇంత చిన్న పనిలో ఒక నిండు జీవితాన్ని ఇరికించడం మాటలా!

కాలేజీ రోజుల్లో ఆయనది పాథోజెన్ సంప్రదాయం. 2008లో టిమ్ పోప్ రాసింది. బండిల్ అనే ఫోల్డర్లో ప్లగిన్లు పడేస్తే మిగతాది అది చూసుకునేది. దించుకోవడం మాత్రం మనమే చేసుకోవాలి. చేత్తో చేసే పని బావగారికి నామోషీ. వండిల్‌కు మారారు. వండిల్‌లో ఒక్కో ప్లగిన్ వరసలో దిగుతుంటే చూస్తూ కూర్చోవాలి. చూస్తూ కూర్చోవడం సోమరుల లక్షణమని విమ్-ప్లగ్‌కు మారారు. 2013లో జునెగన్ చోయ్ రాసిన ఈ విమ్-ప్లగ్ ఒకే ఒక్క ఫైలు. అన్నిటినీ ఒకేసారి దించుతుంది, పేచీ పెట్టదు, పాడవదు. పేచీ పెట్టని వస్తువుతో ఒక మేధావి ఎంతకాలమని కాపురం చేస్తాడు?

ఇంతలో 2016 సెప్టెంబరులో విమ్ 8 వచ్చింది. ప్యాక్ అనే ఫోల్డర్ లోపల, స్టార్ట్ అనే ఫోల్డర్లో ప్లగిన్ పెడితే ఎడిటరే దాన్ని అందుకుంటుంది. మేనేజర్ ఊసే అక్కర్లేదు. మనలాంటి అల్పులైతే హమ్మయ్య అనుకుని పని మొదలుపెట్టేవాళ్లం. చేతికందిన మోక్షాన్ని తోసిపుచ్చి మళ్లీ సంసారంలోకి దిగడం మహాత్ములకే చెల్లింది. "అది మరీ సింపుల్ బామ్మర్దీ" అని ఆయన పెదవి విరిచారు. అంతటితో ఆ ప్రలోభం పీడ విరగడైంది.

తర్వాత నియోవిమ్ యుగం. 2021 జులైలో వచ్చిన 0.5 వెర్షన్‌తో కాన్ఫిగ్ మొత్తం లువా భాషలోనే రాసుకునే ఊపు వచ్చింది. మేనేజర్ కూడా లువాలోనే ఉండాలి కాబట్టి ఇంట్లోకి ప్యాకర్ వచ్చింది. బావగారు ఏళ్ల తరబడి విమ్ సొంత భాష విమ్‌స్క్రిప్ట్‌లో పేర్చుకున్నదంతా కూర్చుని లువాలోకి తిరగరాశారు. దీపావళి సెలవులు పూర్తిగా దానికే అంకితం. పండగ అయ్యేసరికి ఎడిటర్ అంతకుముందు ఎలా పనిచేసేదో అచ్చం అలాగే పనిచెయ్యసాగింది. ఇంత శ్రమపడి ఉన్నచోటికే తిరిగి చేరడమంటే గురి ఎంత బాగుండాలో ఆలోచించండి.

చైత్ర పౌర్ణమికి ఊళ్లో మహాకాళి జాతర. మరాఠ్వాడా నుంచీ తెలంగాణ నుంచీ జనం తండోపతండాలుగా వచ్చి గుడి చుట్టూ దిగుతారు. ఇంటిల్లిపాదీ దర్శనానికి బయలుదేరితే బావగారు గడప దాటలేదు. "అప్‌డేట్ నడుస్తుంటే లేవొద్దు" అన్నారు. అమ్మవారు అర్థం చేసుకునే ఉంటుంది.

2023 ఆగస్టులో ప్యాకర్ పేజీలో ఒక ప్రకటన కనిపించింది. ఇది ప్రస్తుతం ఎవరి నిర్వహణలోనూ లేదు, లేజీ లాంటి వేరే మేనేజర్లు చూసుకోండని దాని సారాంశం. నిజాయితీగా రాసిపెట్టారు. ముందురోజు రాత్రి దాకా పనిచేసిన ప్యాకర్ ఆ పొద్దున కూడా చక్కగా పనిచేసింది. పనిచేస్తూ ఉన్నదాన్ని చచ్చిపోయిందని తేల్చాలంటే దివ్యదృష్టి కావాలి. బావగారు తేల్చారు, మూడు కప్పుల టీ తాగి సంతాపం కూడా పాటించారు.

అదే నెల 3న బ్రామ్ మూలెనార్ నిజంగానే కన్నుమూశారు. విమ్‌ను ఆయన ఉచితంగా ఇచ్చి, నచ్చితే ఉగాండాలోని పిల్లలకు సాయం చెయ్యండని మాత్రం కోరుకున్నారు. విమ్ ఖాళీగా తెరిస్తే తొలి తెర మీదే ఆ విన్నపం కనిపించేది. బావగారికి ఆ తెర బొత్తిగా నచ్చేది కాదు. విమ్ వాడిన రోజుల్లోనే దానికి అడ్డంగా ఒక డ్యాష్‌బోర్డ్ ప్లగిన్ తగిలించారు. చుక్కలు, గీతలు, స్టార్ గుర్తులు పేర్చి చేసిన తాడోబా పులి ఎడిటర్ తెరవగానే లేచి నిలబడుతుంది. మీసాలు కుదరడానికే రెండు రాత్రులు పట్టిందట. పుట్టిన గడ్డ మీద అభిమానమంటే అలా ఉండాలి. ఉగాండా ఎక్కడ, మనమెక్కడ?

ఇక లేజీ. 2022 చివర్లో ఫోల్కే లెమైట్ర్ తెచ్చిన మేనేజర్. అవసరం పడేదాకా ప్లగిన్‌ను లోడ్ చెయ్యకుండా ఆపి ఉంచగలగడం దాని ప్రత్యేకత. బావగారు అన్నిటినీ అలాగే ఆపారు. ఎడిటర్ తెరిచీ తెరవగానే తప్పనిసరిగా లోడ్ కావాలని విడిచిపెట్టింది ఒక్క పులినే.

ఈ మార్పిడిలో ఎంత పాండిత్యం పడుతుందో దగ్గరగా చూస్తేగాని తెలియదు. ప్లగిన్ దిగాక నడవాల్సిన కమాండు ఏదైనా ఉంటే విమ్-ప్లగ్‌లో 'డూ' అని రాయాలి. ప్యాకర్‌లో అదే 'రన్'. లేజీలో అదే 'బిల్డ్'. ఒక ప్లగిన్‌కు మరోటి తోడు కావాలంటే ప్యాకర్‌లో 'రిక్వైర్స్', లేజీలో 'డిపెండెన్సీస్'. 'ఆప్ట్' పోయి 'లేజీ' వచ్చింది, 'లాక్' పోయి 'పిన్' వచ్చింది, 'సెటప్' పోయి 'ఇనిట్' వచ్చింది. 'కాన్ఫిగ్' ఒక్కటే 'కాన్ఫిగ్'గా ఉండిపోవడంతో బావగారు కాస్త చిన్నబుచ్చుకున్నారు. అరవై పైచిలుకు ప్లగిన్లలో ఒక్కో మాటా వెతికి చేత్తో మార్చారు. ఇలాంటివి ఒక్క కమాండుతో ఫైలంతా మార్చెయ్యడమే కదా ఈ ఎడిటర్ గొప్పతనం అని నేను తెలివితక్కువగా అడిగాను. "అట్ల చేస్తే మజా ఏమున్నది బామ్మర్దీ?" అన్నారు.

మధ్యలో కొన్నాళ్లు పాత మేనేజరూ కొత్త మేనేజరూ రెండూ కొలువున్నాయి. ఈ జిల్లాలోనే జివతి తాలూకాలో, తెలంగాణ సరిహద్దు మీద 14 ఊళ్లున్నాయి. రెండు రాష్ట్రాలూ మావేనంటాయి. అక్కడివాళ్లకు రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు, రెండు ప్రభుత్వాల బడులు. బావగారి కాన్ఫిగ్ కూడా అలాగే వర్ధిల్లింది. ఒకే ప్లగిన్ రెండు ఫోల్డర్లలో, రెండు వెర్షన్లలో. ఆ ఊళ్లవాళ్లకు రెండు వైపుల నుంచీ బియ్యమైనా వస్తాయి, ఈయనకు రెండు వైపుల నుంచీ ఎర్రర్లు వచ్చాయి. ప్యాకర్ ఎప్పుడో కంపైల్ చేసి పెట్టుకున్న ఫైలొకటి ప్లగిన్ ఫోల్డర్లో నక్కి, మేనేజర్‌ను తీసేశాక కూడా ప్రతిసారీ లోడ్ అవుతూనే ఉంది. తెల్లవారుజామున ఆ ఫైలు పట్టుబడింది. ఆయన ఇంట్లో అందర్నీ లేపి చూపించారు. పిల్లవాడు కళ్లు నులుముకుంటూ "ఇప్పుడు పని అయిపోయిందా నాన్నా?" అన్నాడు. పని ఎలా అయిపోతుంది, ఇంకా మొదలే కానిది?

ఫలితం దక్కలేదని మాత్రం ఎవరూ అనుకోవద్దు. నియోవిమ్‌లో స్టార్టప్‌టైమ్ అని ఒక ఆప్షన్ ఉంది. ఎడిటర్ తెరుచుకోవడానికి ఎక్కడ ఎంత సమయం పట్టిందో మిల్లీసెకన్లలో లెక్క రాసిస్తుంది. బావగారిది 180 నుంచి 40కి దిగింది. తెరిచిన ప్రతిసారీ 140 మిల్లీసెకన్ల ఆదా. రోజుకు పదిసార్లు తెరుస్తారనుకుందాం, నిజానికి పొద్దున తెరిస్తే పడుకునేదాకా మూసే మనిషి కాదు. రోజుకు 1.4 సెకన్లు, ఏడాదికి ఎనిమిదిన్నర నిమిషాలు. ఈ మార్పిడికి తక్కువలో తక్కువ 12 గంటలు వేసుకున్నా, పెట్టిన కాలం దాదాపు 85 ఏళ్లలో తిరిగొచ్చేస్తుంది. మధ్యలో మళ్లీ మేనేజర్ మార్చకూడదు, షరతు అదొక్కటే. ముందుచూపున్న ఇంటి యజమాని మనుమల కోసం మామిడి నాటినట్టు మా బావగారు మిల్లీసెకన్లు నాటుతున్నారు.

ఆయన నిష్కామ భక్తి గురించి చెప్పకపోతే పాపం. అరవై ప్లగిన్లు రాసిన అరవైమందిలో ఎక్కువమంది జీతం లేకుండా, తమ ఉద్యోగాలయ్యాక రాత్రుళ్లు కూర్చుని రాసేవాళ్లు. వాళ్ల పేర్లు బావగారు ఎప్పుడూ అడగలేదు. ఒక్క రూపాయి పంపి వాళ్లను మొహమాటపెట్టలేదు. ఏదైనా ఆగిపోయిన రోజు మాత్రం "ఇంకా సరిచెయ్యలేదా?" అని వెంటనే గుర్తుచేస్తారు. బాధ్యతగల పెద్దమనిషి కదా.

2025లో నియోవిమ్‌వాళ్లు ఎడిటర్ లోపలే ఒక మేనేజర్‌ను చేర్చారు. పేరు విమ్.ప్యాక్, 0.12 వెర్షన్ కోసం. ఇంకా ప్రయోగదశ అని స్పష్టంగా రాశారు. మనకు హెచ్చరికగా వినిపించే ఆ మాట బావగారికి పెళ్లిపిలుపు. పైగా అది ప్లగిన్లను సర్దేది ఆ ప్యాక్ ఫోల్డర్లోనే. అంతకు తొమ్మిదేళ్ల ముందు మరీ సింపులని ఆయన పెదవి విరిచిన ఫోల్డర్. ఇప్పుడు దాన్ని మినిమలిజం అంటున్నారు. "అన్నీ మనకు మనమే మోసుకుంటే ఎట్ల? ఎడిటర్‌ల ఉన్నదే వాడుకోవాలె" అని నాకు ఉపదేశం. గిట్‌లో కొత్త బ్రాంచి, అందులో తొలి కమిట్‌కు 'ఇదే ఆఖరు' అని మెసేజ్. అలాంటి మెసేజ్‌తో ఉన్న పాత కమిట్లు పైకి లాగి చూస్తే కనిపిస్తూనే ఉన్నాయి. మాట మీద నిలబడేవారు కాబట్టే ఒకే మాట అన్నిసార్లు రాశారు.

ఈ యజ్ఞం నడుస్తుండగానే వీధి దీపాల గురించి ఒక అర్జీ అవసరమైంది. మరాఠీలో ఒక పేజీ. కంప్యూటర్ మనిషి ఇంట్లో ఉన్నాడని వీధివాళ్లు బావగారికే అప్పజెప్పారు. "ఇగో, గా అర్జీ ఏమాయె?" అని అక్క పొద్దున అడిగితే "అయితది, ఎడిటర్ జర సెట్ చేస్కోనీ" అన్నారు. సాయంత్రం కూర్చున్నారు. పులి లేచింది, 40 మిల్లీసెకన్లలో. కొత్త ఫైలు తెరిచి ఊరి పేరు కొట్టారు. టెర్మినల్లో ఒక్కో అక్షరానికి ఒక్కో గడి కేటాయించి ఉంటుంది. మరాఠీ గుణింతమైనా తెలుగు ఒత్తయినా ఆ గడుల్లో సరిగ్గా ఒదగవు. చంద్రపూర్‌లో 'ద్ర' విడిపోయి, పొల్లుతో ద ఒక గడిలో, ర పక్క గడిలో నిలబడ్డాయి. కర్సర్ ఒకచోట ఉంటే అక్షరం మరోచోట చెరుగుతోంది. ఇంట్లో మాట్లాడే భాషా వీధిలో మాట్లాడే భాషా రెండూ కుదురుగా నిలవని ఎడిటర్ అది. ఇన్నేళ్లుగా ఆయన దృష్టికి రాలేదు, ఇన్నేళ్లలో ఆ రెంటిలో ఒక్క వాక్యం రాసే పని పడలేదు కాబట్టి. నేను గుచ్చి అడిగితే తడుముకోలేదు. దానికి ప్లగిన్ లేదు, ప్లగిన్ లేని సమస్య సమస్య కిందికి రాదు అన్నారు. తర్కశాస్త్రం చదివినవాళ్లకు కూడా ఇంత స్పష్టత ఉండదు.

అక్క ఫోన్లో మరాఠీ కీబోర్డు తెరిచి, పప్పు ఉడికేలోగా అర్జీ టైపు చేసి, జిరాక్స్ షాపుకు వాట్సాప్‌లో పంపింది. పిల్లవాడు వెళ్లి ప్రింటు తెచ్చాడు. వీధివాళ్లంతా ఒక్కొక్కరే వచ్చి సంతకాలు పెట్టారు. బావగారూ పెట్టారు. పెట్టేముందు కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, ఎడమవైపు మార్జిన్ ఇంకాస్త ఉంటే బాగుండేదన్నారు.