ఋకారోపాఖ్యానము

తెలుగు అచ్చులలో మొదటి ఆరింటికిని లోకమున బంధుబలము మెండుగా కలదు. అకారమునకు అమ్మయు, ఆకారమునకు ఆవును, ఇకారమునకు ఇల్లును, ఈకారమునకు ఈగయు, ఉకారమునకు ఉడుతయు, ఊకారమునకు ఊయలయు ఎదుట నిలిచి సాక్ష్యము చెప్పుచుండగా, మూడున్నర యేండ్ల శిశువు ఒక్కొక్క యక్షరమును ఏ తగవును లేక ఒప్పుకొనుచు వచ్చి, ఏడవదాని కడ హఠాత్తుగా ఆగిపోవును. అచ్చట, పుస్తకములోని బొమ్మయందు, గడ్డము పెంచిన పెద్దమనిషి యొకడు చెట్టు క్రింద కన్నులు మూసికొని కూర్చుండి యుండును. ఆయనను ఆ శిశువు ఇంటగాని, వీధినిగాని, కిరాణా కొట్టునగాని ఎన్నడును చూచి యెరుగడు.

పోనీ, ఋషిగారిని విడిచి వేరొక సాక్షిని పిలుతమన్నచో ఆ యక్షరమునకుగల పరివారము మిక్కిలి స్వల్పము. ఋతువు కంటికి కనబడదు. ఋక్షమనగా ఎలుగుబంటి యని చెప్పబోదుమా, ఆ యెలుగుబంటి కొంచెము ముందుకు పోయినచో ఎకారము వాకిట కొలువు చేయుచు కనబడును. ఒక్క మృగము రెండుచోట్ల ఉద్యోగము చేయుట పిల్లలు సహింపరు. ఇక మిగిలినది ఋణము. ప్రతి గృహమునందును తప్పక ఉండునట్టిదియు, ఋకారముతో ఆరంభమగునట్టిదియు అదియొక్కటియే యైనను, దాని బొమ్మ గీసి గోడకు తగిలించుటకు ఏ గృహస్థుడును సమ్మతింపడు.

పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణమున (బాలవ్యాకరణమని పేరేగాని, దానిని చదివి సుఖపడిన బాలుని నేనింతవరకు చూడలేదు) సంస్కృతమునకు 50 వర్ణములనియు, తెలుగునకు 36 వర్ణములనియు లెక్క తేల్చి, ఋకారమును ఆ 36లో చేర్చక, సంస్కృతసమములతో గూడి వచ్చినదానిగా మాత్రమే పేర్కొనెను. అనగా అతిథి. అతిథి యగుగాక, వచ్చి యేడవ పీటపై కూర్చుండినది; లెమ్మనుట మర్యాద కాదు. దాని వెనుక నిలిచిన వారి యవస్థ ఇంకను దయనీయము. ఌకారము సంస్కృతమంతయు గాలించినను క్ఌప్ ధాతువునందు తప్ప తలదాచుకొనలేదు. దాని దీర్ఘమునకు ఆపాటి ఆశ్రయమును లేదు. నేటి వాచకములు ఆ రెండింటికిని పింఛను నిర్ణయించి ఇంటికి పంపివేసినవి. ఋకారము మాత్రము కృష్ణుని పేరు క్రింద వట్రసుడియై దాగియుండుటచే కాబోలు, ఇంకను కొలువు పోగొట్టుకొనలేదు.

మా కోడలు కృష్ణ యొడ్డున, బెజవాడకు చేరువనున్న మా యింటి వసారాలో బాలబడి నడుపుచున్నది. ఆమె మాంటిసోరీ పద్ధతిని అభ్యసించినది. 1939లో మదరాసు అడయారునకు విచ్చేసి, యుద్ధము మూలమున 1946 వరకు ఈ దేశముననే నిలిచిపోయిన మరియా మాంటిసోరీ, గరుకు కాగితముతో కత్తిరించిన అక్షరములను శిశువు వ్రేలితో తడివి తడివి నేర్వవలెనని చెప్పెను. ఇది విన్నప్పుడు నాకు కొంత నవ్వు వచ్చినమాట నిజము. మన వీధిబడులలో గుంటలుగా చెక్కిన అక్షరములను దిద్దించెడి గుంట ఓనమాలు ఆమె పుట్టకమునుపే కలవు. భేదమెల్ల ప్రక్కన నిలిచిన పంతులుగారి చేతి బెత్తమునందున్నది. ఆ బెత్తము తీసివేయుటకు ఇటలీనుండి ఒక వైద్యురాలు రావలసివచ్చినది.

జీవితమంతయు గుమాస్తాగిరి చేసి ఇల్లు చేరిన నాకు బాలబడిలో ఉద్యోగము దొరకునని నేననుకొనలేదు. ఒకనాటి సాయంకాలము మా కోడలు నన్ను ఎగాదిగా చూచి, "మావయ్యగారూ, దూది ఖర్చు కూడా లేదు. రేపటినుంచి ఋషి మీరే" అనినది. గడ్డము గీచుకొనుటకు బద్ధకించుట కూడ ఒక విద్యార్హత యగునని నాకు అప్పుడు తెలిసినది.

మొదట రూపము నేర్పవలెను, ధ్వని తరువాత. ఋకార స్వరూపమును ఎరిగినవారికి దాని కపటము చెప్పనక్కరలేదు. చూపునకు అది బకారము. ఆ బకారమునకు ఒక కొమ్ము. ఆ కొమ్ము చాలదన్నట్లు దాని ప్రక్కన మరియొక కొమ్ము. పళ్ళెములో కృష్ణానది ఇసుక పోసి, దానిపై నేను వ్రేలితో ఋకారమును ఎంతో తీర్చి దిద్ది, "ఇదేమిటి?" అని అడుగగా, అక్క పుస్తకములు చూచి చూచి హల్లులు సైతము కొన్ని వచ్చిన ఒక బొద్దువాడు క్షణమైన ఆలోచింపక "బువ్వ!" అనినాడు. బకారమునకు కొమ్మిచ్చిన బు అగును, బు అనగా బువ్వ. వాని తర్కమునందు దోషము లేదు. కాని ఆ మాట చెవినిబడుటతోడనే తక్కిన పిల్లలకందరకును ఆకలి వేసినది. ఆనాటి పాఠము అటుకులతో ముగిసినది.

తరువాత మా కోడలు వసారా నేలపై ముగ్గుపిండితో మంచమంత ఋకారమును వేసి, దాని యంచువెంబడి చింతపిక్కలు పేర్చించినది. చింతపిక్కలతో ఉన్న చిక్కేమనగా, అవి శతాబ్దములుగా వామనగుంటలకు అంకితమైనవి. మధ్యాహ్నమునకు అక్షరము సగము కరగి, పిల్లల జేబులలోనికిని, పావడా మడతలలోనికిని చేరినది. రెండు కొమ్ములలో ఒకటియే మిగులగా, ఎదురుచూచినట్లే బొద్దువాడు "చూశారా, బు అయింది!" అని విజయధ్వానము చేసినాడు. మరునాడు పిక్కలు మాని, ఆ గీతపై నడువవలెనని శాసించితిమి. గీత మొదలు కడ ప్రారంభించి, పొట్ట చుట్టి వచ్చి, మొదటి కొమ్మువరకు ఊరేగింపు సలక్షణముగానే సాగెడిది. అచ్చట ముందున్న పిల్ల, పని ముగిసినదను సంతోషముతో నిలుచుండిపోయెడిది. రెండవ కొమ్ము ఉన్నదని యెరిగిన వెనుకటి పిల్లవాడు ఆమెపై బడెడివాడు. వానిపై తక్కిన తొమ్మండుగురు. ఆ పతనము ఎంతో రుచించుటచేత వారు దానిని మరల మరల అభినయించిరి. నా యభిప్రాయములో ఆ రెండవ కొమ్మును వారు ఈ జన్మమున మరువరు. అది వారికి అక్షరభాగము కాదు, పడిపోవలసిన చోటు.

ఇక నా వంతు. కాషాయమునకు బదులు మా యింటి పాత దుప్పటి ధరించి, కమండలువునకు బదులు మరచెంబు ముందు పెట్టుకొని, వసారా చివర పద్మాసనము వేసితిని. మోకాళ్ళు మొరపెట్టినవి, తపస్సనగా అదియే కదా యని ఊరకుంటిని. రెండు జడల పిల్ల దగ్గరకు వచ్చి విచారణ ప్రారంభించినది.

"ఋషి ఏం పని చేస్తాడు తాతగారూ?"

"తపస్సు చేస్తాడమ్మా."

"అంటే?"

"కళ్ళు మూసుకుని, కదలకుండా, ఎవరు పిలిచినా పలక్కుండా కూర్చుంటాడు."

"అయితే మా నాన్న కూడా ఋషే. ఆదివారం."

ఇది వినిన వేరొకడు తన తాతయ్యయు ఋషియే యని వాదించెను. గురక పెట్టువాడు ఋషి యగునా కాడా యను శంక బయలుదేరినది. పురాణములలో ఇందుకు ప్రమాణము నాకు స్ఫురింపక మౌనము వహించితిని. ఆ మౌనము ఋషిత్వమునకు నిదర్శనముగా గ్రహింపబడినది.

ధ్వని విషయమే అసలు కష్టము. అచ్చనగా ఊపిరి ఉన్నంతవరకు సాగదీయదగినదని మా కోడలు పిల్లలకు చెప్పియుండెను. అఅఅ యని సాగును. ఈఈఈ యని సాగును. ఋకారమును సాగదీయుడనగానే అది రుఉఉ యని ఉకారములోనికి జారిపోవుచుండెను. మనము దానిని రు అందుము, హిందీవారు రి అందురు. ఇరువురమును రేఫమునకు ఒక తోక తగిలించి తృప్తిపడుచున్నాము. ఆ యచ్చు నడుమ నుండునది రేఫమేయని ప్రాతిశాఖ్యము చెప్పుచున్నదని విని, సంస్కృతము చదివిన మా పొరుగింటి శాస్త్రిగారిని రప్పించితిని. ఆయన మిక్కిలి శ్రమపడి, నాలుక పైకి మడచి, కనుబొమలు ముడిచి పలుక ప్రయత్నింపగా దగ్గు వచ్చినది. అదే సమయమున బొద్దువాడు తాటాకు చక్రము నొకదానిని చేతబట్టి, తాను బందరు బస్సు నడుపుచున్నానని ప్రకటించి, వసారా ఈ కొననుండి ఆ కొనకు "ర్‌ర్‌ర్‌ర్" మని దౌడు తీసినాడు. అకారము లేదు, ఉకారము లేదు, ఇకారము లేదు. ఊపిరి తిరుగక సాగిన శుద్ధ రేఫము. శాస్త్రిగారు దగ్గు మాని, చేయెత్తి, "అదిగో! అదే!" అనిరి. వేదకాలమున ఎట్లు పలికిరో చూడ మనకు వీలు లేదు గాని, దానికి దగ్గరగా పలుకు పీఠము నేడు బస్సులరేవు ఆటయందే నిలిచియున్నదని ఆయన తీర్మానము. నాటినుండి మా బడిలో ఋషి తపస్సు మాని బస్సెక్కినాడు. దుప్పటి కట్టుకొని నేను ముందు కూర్చుండగా, పిల్లలందరు నా వెనుక వరుసగా ర్‌ర్‌ర్ మనుచు కదలెడివారు.

ఈ విజయమునకు ఫలము పిల్లల యిండ్లలో కనబడజొచ్చినది. రు యను ధ్వని ఎచ్చట వినబడిన అచ్చట ఋకారముండవలెనని వారు నిశ్చయించికొనిరి. బొద్దువాడు బొగ్గుతో తండ్రి రుమాలుపై ఒక ఋకారమును, సుద్దముక్కతో రుబ్బురోలుపై వేరొకదానిని లిఖించి, అంతటితో పోనీయక, పది రూపాయల నోటుపై మరియొక తోకను చేర్చి ౠకారమునే వేసినాడు. రూపాయికి దీర్ఘమున్నదని వానికి చెప్పినవారెవరో నాకు తెలియదు. నేను మాత్రము కాను.

మరునాడు తండ్రి ఆగ్రహముతో వచ్చెను. నోట చెప్పిన చాలదని తలచెనేమో, ఒక ఫిర్యాదు వ్రాసి తెచ్చి మా కోడలి చేతికిచ్చినాడు: తన కుమారునకు బాలబడిలో తప్పక్షరములు నేర్పుచున్నారనియు, ఇందుకు తగిన ఋజువులు తన వద్ద కలవనియు అందలి సారాంశము. హిందూస్తానీనుండి కచేరీలద్వారా మనకు వచ్చిన ఆ పదమునకు సాదా రేఫమే చాలును. ఋకారముతో వ్రాసినచో చక్కనిది, వంకరలేనిది యని యర్థము. మా కోడలు పెదవి విప్పలేదు. ఆమె మోచేతి క్రిందనుండి తల దూర్చిన బొద్దువాడు కాగితముపై ఆ రెండు కొమ్ములను వ్రేలితో తడివి, "నాన్నా! ఋషి! నువ్వు కూడా వేశావు!" అని కేకవేసి, ర్‌ర్‌ర్ మనుచు వసారా చుట్టివచ్చినాడు.

తండ్రి ముఖము వికసించినది. "పలకైనా పట్టడం రానివాడు, కాగితం మీద చూసీచూడగానే పట్టేశాడండీ!" అని నావంక తిరిగి, ఫిర్యాదును మడిచి జేబులో పెట్టుకొని, రాబోవు మాసపు సొమ్మును కవరులో పెట్టి, దానిపై తన చేతితోనే "ఋసుము" అని వ్రాసి అందించినాడు. మా కోడలు కవరు విప్పి నోట్లు ఎంచుకొని, అందులో ౠకారమున్న పది రూపాయల నోటును మాత్రము మర్యాదగా తిరిగి యిచ్చివేసినది.