ఓపెన్ వరల్డ్... ఏఓసీ గేటు దాకానే!

ఆర్మా 3 అని ఒక వీడియో గేమ్ ఉంది. చెక్ దేశపు బొహీమియా ఇంటరాక్టివ్ కంపెనీ 2013లో వదిలింది. మిలిటరీ ఆట. ఓపెన్ వరల్డ్ ఆట. అంటే దారి మీ ఇష్టం. ఆల్టిస్ అనే దీవి, 270 చదరపు కిలోమీటర్లు, మొత్తం మీదే. కొండెక్కండి. జీపెక్కండి. సైనిక స్థావరం నడిమధ్య నుంచి దర్జాగా దూసుకెళ్లండి. ఐడీ కార్డు అడిగే నాథుడుండడు. మహా అయితే కాల్చేస్తారు. ఏం పోయింది? మళ్లీ పుడతారు.

సికింద్రాబాద్ కంటోన్మెంట్ అందులో ఆరో వంతు కూడా లేదు. అటూ ఇటూగా 40 చదరపు కిలోమీటర్లు. కానీ సఫిల్‌గూడ నుంచి మారేడ్‌పల్లికి రావాలంటే ముందు సైన్యం వారి ఏఓసీ గేటు గారి మూడ్ కనుక్కోవాలి. తీసి ఉందా? మూసి ఉందా? బైకు పోనిస్తారా, కారు ఆపుతారా? కొన్ని రోడ్లు రాత్రయితే మూత. కొన్ని కరోనా పేరు చెప్పి మూత. వైరస్ వెళ్లిపోయింది గానీ బారికేడ్ గారు మాత్రం మకాం ఎత్తలేదు. కాన్పు నొప్పులొచ్చిన ఆడమనిషిని ఆటోలో ఎక్కించుకుని ఊరంతా చుట్టి తీసుకెళ్లాలా? మళ్లీ పుట్టే సౌకర్యం మనకు లేదే!

గేటు దగ్గర నిలబడ్డ జవాన్‌ను ఏమీ అనడం లేదు. ఎండలో మాడేది అతనే. మూసెయ్యమని సంతకం పెట్టిన చెయ్యి ఏసీ గదిలో ఉంది. 1806లో తెల్లదొరలు నిజాం సికందర్ జా పేరు పెట్టి దండు దించిన ఊరిది. దొరల పేర్లు రోడ్ల మీద ఇంకా ఉన్నాయి: గాఫ్ రోడ్డు, వెల్లింగ్టన్ రోడ్డు. దొరలు పోయారు. దర్పం అప్పగించి పోయారు.

చట్టం లేదా? భేషుగ్గా ఉంది. కంటోన్మెంట్ల చట్టం, 2006. సెక్షన్ 258. భద్రతా కారణం ఉంటే తప్ప రోడ్డు శాశ్వతంగా మూయకూడదు. మూసే ముందు బహిరంగ నోటీసు ఇవ్వాలి. జనం అభ్యంతరాలు అడగాలి. ఎవరైనా మిమ్మల్ని అడిగారా? గేటు పడ్డాకే కదా, బండి వెనక్కి తిప్పుకుంటూ మీరు అభ్యంతరం చెప్పింది! అది కూడా మీలో మీరే, గొణుక్కుంటూ.

2018 మేలో అప్పటి రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్ దేశమంతటా కంటోన్మెంట్లలో మూసిన రోడ్లు తెరవమన్నారు. ఆహా అనుకున్నాం. మిఠాయిలు పంచుకున్నాం. తెరిచారు. మళ్లీ మూశారు. దేశ రక్షణ మంత్రి ఆదేశానికే ఇంత ఆయుష్షైతే, మల్కాజిగిరి కాలనీ సంఘం ఇచ్చే వినతిపత్రానికి ఎంత? పకోడీల పొట్లం కట్టేదాకా.

రాష్ట్రం ఊరుకుందా? లేదు, గర్జించింది. 2022 మార్చిలో అప్పటి మున్సిపల్ మంత్రి కేటీఆర్ అసెంబ్లీలోనే హెచ్చరించారు. రోడ్లు తెరవకపోతే సైన్యానికి నీళ్లు, కరెంటు కట్ చేస్తామని! బల్లలు చరిచారు. హెడ్డింగులు పడ్డాయి. నల్లా కట్టేయలేదు. గేటు తెరవలేదు. డైలాగ్ మాత్రం యూట్యూబ్‌లో భద్రం.

పోనీ ఓటుతో బుద్ధి చెబుదామంటారా? ఎవరికి చెబుతారండీ? కంటోన్మెంట్ బోర్డుకు చివరిసారి ఎన్నికలు జరిగింది 2015 జనవరిలో. 2023 ఏప్రిల్ 30న పోలింగ్ అని నోటిఫికేషన్ వచ్చింది. అభ్యర్థులు దండలు కట్టించుకున్నారు. మార్చిలోనే రద్దు. జీహెచ్‌ఎంసీలో కలిపేస్తామన్నారు కదా, అందుకట. కలపనూ లేదు, ఎన్నికలు పెట్టనూ లేదు. ఎన్నికైనవాళ్ల కుర్చీలో నామినేట్ అయినవాళ్లు. ప్రజాస్వామ్యాన్ని కాపాడే దండు గడపలోనే ప్రజాస్వామ్యానికి నో ఎంట్రీ!

2024 మార్చిలో మాత్రం ఒక వరం దక్కింది. ఎలివేటెడ్ కారిడార్లకు రక్షణ భూములిస్తామని కేంద్రం ఒప్పుకుంది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపనలు కానిచ్చారు. నేల మీద దారి అడిగితే గాల్లో ఇస్తారట. సరే, ఎగురుదాం.

ఇంత సేపూ పిల్లలేం చేస్తున్నారు? ఫోన్లో యుద్ధం. అక్కడ మాత్రం సర్కారు వారికి ఎంత పట్టింపో చూడండి. 2020 సెప్టెంబరు 2న పబ్‌జీ నిషేధం. దేశభద్రత! రెండు రోజులకే అక్షయ్ కుమార్ రంగప్రవేశం. ఫౌ-జీ అనే స్వదేశీ ఆట వస్తోంది, ఆత్మనిర్భర్, జై జవాన్! 2021 రిపబ్లిక్ డే నాడు విడుదల. గల్వాన్ లోయలో ముష్టియుద్ధం. కుర్రాళ్లు నాలుగు గుద్దులు గుద్ది, పెదవి విరిచి వెళ్లిపోయారు. అదే ఏడాది జూలైలో పబ్‌జీయే ఇండియా పేరు తగిలించుకుని తిరిగొచ్చింది. 2022లో మళ్లీ బ్లాక్. 2023లో మళ్లీ ప్రత్యక్షం. ఎంతో సంస్కారవంతమైన ఆట. అందులో రక్తం ఎర్రగా ఉండదు, పచ్చగా ఉంటుంది. పసిమనసులు చెడిపోకూడదు కదా!

పెద్ద మనసుల మాటేమిటి? 2021లో అఫ్ఘానిస్తాన్‌లోని పంజ్‌షీర్ లోయ మీద పాకిస్తాన్ దాడి అంటూ మన జాతీయ చానళ్లు కొన్ని చూపించిన బాంబింగ్ ఏమిటో తెలుసా? ఆర్మా 3 క్లిప్పు. స్టూడియోలో రిటైర్డ్ జనరళ్లు దాన్ని విశ్లేషించారో లేదో గానీ, యాంకర్ల గొంతులు మాత్రం చిరిగాయి. 2025 మేలో పాకిస్తాన్ సర్కారు వారు కూడా అదే ఆటలోంచి ఒక ముక్క కత్తిరించి తమ వీరత్వంగా పోస్టు చేసుకున్నారు. సరిహద్దుకు అటూ ఇటూ కుదిరిన ఏకైక ఏకాభిప్రాయం ఇదే. బొహీమియా వాళ్లు పాపం 2022లోనే మొర పెట్టుకున్నారు: బాబూ, అది మా గేమ్, నిజం యుద్ధం కాదు, ఇలా గుర్తుపట్టండి అని. ఎవడు వింటాడు? అసలు వాళ్ల ఉద్యోగులే ఇద్దరు ఆల్టిస్‌కు నమూనా అయిన గ్రీస్ దీవి లెమ్నోస్‌కు వెళ్లి, ఫొటోలు తీసి, గూఢచారులన్న ఆరోపణతో 129 రోజులు జైల్లో కూర్చున్నారు. తెర మీద ఓపెన్ వరల్డ్. తెర దాటితే లాకప్.

తెర దాటిన కుర్రాళ్లు మనకూ ఉన్నారు. మిలిటరీ కొలువు కోసం తెల్లారుజామున ఊరి రోడ్ల మీద పరుగులు తీసినవాళ్లు. దేహదారుఢ్య పరీక్ష గట్టెక్కి, వైద్య పరీక్ష గట్టెక్కి, రాత పరీక్ష కోసం కళ్లు కాయలు కాసేలా చూసినవాళ్లు. చూస్తుండగానే అగ్నిపథ్ వచ్చింది. నాలుగేళ్ల కొలువు. తర్వాత నూటికి పాతికమందికే కొనసాగింపు. ఆ రాత పరీక్ష ఇక లేదు. 2022 జూన్ 17న వాళ్లు సికింద్రాబాద్ స్టేషన్ మీద పడ్డారు. బోగీలు తగలబెట్టారు. అది తప్పే. కాల్పుల్లో వరంగల్ వైపు కుర్రాడొకడు చచ్చిపోయాడు. ప్లాట్‌ఫాం మీద పడిన రక్తానికి రంగు మార్చే సెట్టింగ్ ఎవరి దగ్గరా లేదు.

రెండు రోజులు తిరక్కుండానే ఢిల్లీలో సైనికాధికారులు ప్రెస్‌మీట్ పెట్టారు. అగ్నివీరులు కావాలనుకునేవాళ్లు ఈ ఆందోళనల్లో పాల్గొనలేదని రాసివ్వాలన్నారు. పోలీసు వెరిఫికేషన్ తప్పనిసరి అన్నారు. ఎంత చురుకుదనం! జనం అభ్యంతరాలు అడిగి తీరాలని సెక్షన్ 258 చెప్పినచోట నోటీసు బోర్డు ఖాళీ. అడక్కుండానే అభ్యంతరం చెప్పిన కుర్రాడికి మాత్రం రెండు రోజుల్లో ఫారం రెడీ.